రాత్రంతా మేలుకునే పిల్లోడికి ముందు పగలు చూపించాలి

తాడిపత్రి నుంచి అడిగిన అమ్మాయికి రాస్తున్నాను.

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తొలి కాన్పు, పదకొండు వారాల మగబిడ్డ, పుట్టింట్లో ఉన్నావు. పగలు ఎంత కదిపినా లేవడు, రాత్రి పది దాటితే కళ్ళు తెరుస్తాడు, మూడింటిదాకా ఊపుతూ ఉండాల్సిందే. ఉయ్యాల ఆగితే ఏడుపు. మీ అవ్వ జాజికాయ అరగదీసి పెడదామంటోంది. మీ అత్త ఫోన్లో పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు పట్టమంటోంది. ఇంకో రెండు నెలల్లో బెంగళూరు వెళ్ళిపోవాలి, అక్కడ మీ ఇద్దరే, ఈలోగా వీడికి నిద్ర వేళలు అలవాటు చేయడం ఎలా అని అడిగావు.

నేను పిల్లల వార్డులో ముప్పై ఏళ్ళకు పైగా స్టాఫ్ నర్సుగా చేశాను, ఎక్కువ కాలం అనంతపురం జిల్లాలోనే. రిటైరయ్యాక ఇద్దరు మనవళ్ళను సాకాను. నా చిన్న కూతురి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకు.

నీ ప్రశ్నలో మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "బాలింత గది కదా, కిటికీలు మూసే ఉంటాయి, రాత్రి మాత్రం ట్యూబ్ లైటు ఆర్పం" అన్నావు. సగం సమస్య అక్కడే ఉంది తల్లీ. పగలు చీకటి, రాత్రి వెలుతురు. ఆ గదిలో ఉన్నవాడికి ఏది పగలో ఏది రాత్రో ఎవరు చెప్పాలి?

కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డకు నీ ఒంట్లోంచే రాత్రి కబురు అందుతుంది. చీకటి పడ్డాక మన మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ తయారు చేస్తుంది, అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. పుట్టగానే ఆ కబురు తెగిపోతుంది. సొంత మెలటోనిన్ ఒక వేళ ప్రకారం ఊరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే మొదటి రెండు నెలల్లో ఏ బిడ్డకూ టైమ్‌టేబుల్ ఉండదు, పెట్టినా నిలవదు. నీ కొడుకు ఇప్పుడు సరిగ్గా ఆ గడియారం మొదలయ్యే వయసులో ఉన్నాడు. దాన్ని సరిచేసేది ముఖ్యంగా కంటికి తగిలే వెలుతురే.

కాబట్టి రేపు పొద్దున ఆరున్నర ఏడుకి కిటికీ తెరువు. బిడ్డను ఎత్తుకుని పంచలో కూర్చో. ఎండలో పెట్టమనడం లేదు, ఏప్రిల్ ఎండ మన ఊళ్ళో ఎట్లుంటుందో నాకు తెలుసు. నీడలో పడే వెలుతురు చాలు. రాత్రి మూడింటికి నిద్రపోయినా సరే, పొద్దున ఈ వేళ మాత్రం తప్పించకు. పగలు నిద్రపోయేటప్పుడు ఇంట్లో గిన్నెల చప్పుడు ఉండనీ, మీ అమ్మ మిక్సీ వేసుకోనీ. వాడు పడుకున్నాడని అందరూ మునివేళ్ళ మీద నడవనక్కర్లేదు. ఒక కునుకు రెండు గంటలు దాటితే మెల్లగా అరికాలు నిమిరి లేపి పాలివ్వు. "నిద్రపోయే పిల్లోణ్ణి లేపుతావా" అని అరుస్తారు, అరవనీ. ఈ వయసు బిడ్డ ఇరవైనాలుగు గంటల్లో 14 నుంచి 17 గంటలు నిద్రపోతాడు. పగలే పది గంటలు పోతే రాత్రికి ఏం మిగులుతుంది?

నీళ్ళు పోసే ఆమె పదకొండింటికి వస్తుందని రాశావు. ఒళ్ళంతా నూనె రుద్ది, వేడినీళ్ళు పోసి, గుడ్డలో చుట్టి పడుకోబెడితే మూడు గంటలు లేవడు, అంతే కదా? రోజు మొత్తంలో వాడు పడే గాఢనిద్ర అదే. అది నడిమధ్యాహ్నం ఖర్చయిపోతోంది. ఆమెను ఎనిమిదింటికల్లా రమ్మనండి. కుదరదంటే సాయంత్రమే పోయించుకోండి, ఎండాకాలం కదా, జలుబు చేస్తుందన్న భయం అక్కర్లేదు. ముక్కులో చెవిలో నూనె చుక్కలు వేయడం, నోట్లో వేలు పెట్టి కళ్ళె తీయడం మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. సాంబ్రాణి పొగ కూడా వద్దు. వాసన మనకు బాగుంటుంది, వాడి ఊపిరితిత్తులకు అది పొగే.

ఇక సాయంత్రం సంగతి. మన ఇళ్ళలో బిడ్డను చూడటానికి వచ్చేవాళ్ళంతా పని ముగించుకుని రాత్రి ఎనిమిది తర్వాతే వస్తారు. తాత అంగడి మూసి తొమ్మిదిన్నరకు వచ్చి మనవణ్ణి ఎత్తుకుంటాడు. టీవీలో సీరియల్. పదిన్నరకు బెంగళూరు నుంచి మీ ఆయన వీడియో కాల్, ఫోను వాడి మొహానికి అడుగు దూరంలో, చుట్టూ నలుగురు "నాన్న చూడు, నాన్న చూడు" అంటూ. రాత్రి పది దాటితే కళ్ళు తెరుస్తాడు అన్నావు. తెరవక ఏం చేస్తాడు? ఆ ఇంట్లో తిరనాళ్ళు మొదలయ్యేదే అప్పుడు. బిడ్డకు నిద్ర అలవాటు చేయాలంటే ముందు ఇల్లు పెందరాళే సద్దుమణగాలి. వీడియో కాల్ ఏడింటికి మార్చుకోండి, ఆఫీసులో ఉన్నా ఐదు నిమిషాలు బయటికొచ్చి మాట్లాడమను. తాతను పొద్దున అంగడికి పోయే ముందు అరగంట ఆడించుకోమను. ఏడున్నర దాటాక నువ్వూ బిడ్డా ఉన్న గదిలో జీరో బల్బు తప్ప ఇంకేమీ వద్దు. నీ ఫోన్ కూడా.

ఆ తర్వాత రోజూ అవే పనులు, అదే వరసలో. గోరువెచ్చని నీళ్ళలో పిండిన గుడ్డతో ఒళ్ళు తుడువు, పలచటి నూలు జుబ్బా వెయ్యి, పాలివ్వు, తేన్పు తెప్పించు, ఏదో ఒక జోలపాట పాడుతూ పడుకోబెట్టు. అరగంటలో అయిపోవాలి. రోజుకో పాట వద్దు, ఒక్కటే పాట. బిడ్డకు గడియారం చూడటం రాదు గానీ దేని తర్వాత ఏది వస్తుందో చాలా తొందరగా పట్టేస్తాడు. వేళ ఓ పావుగంట అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, వరస మాత్రం మార్చకు. వాడు ఆవలించి, నీ మొహం మీంచి చూపు తిప్పేసుకుని, కనుబొమ్మలు ఎర్రబడితే ఇక ఆలస్యం చేయకు. ఈ వయసులో గంట, గంటన్నరకు మించి హాయిగా మేలుకుని ఉండలేరు. అది దాటి అలిసిపోయిన బిడ్డ పడుకోవడం ఇంకా కష్టం. "బాగా ఆడిస్తే బాగా పడుకుంటాడు" అనేది పెద్దపిల్లల మాట, వీడికి పనికిరాదు.

ఉయ్యాల గురించి కాస్త ఎక్కువ రాయాలి, అందరూ చిక్కుపడేది అక్కడే.

మన నిద్ర ఒక చుట్టు తిరగడానికి సుమారు గంటన్నర పడుతుంది. చంటిబిడ్డకు గంట లోపే. ప్రతి చుట్టు చివరా వాడు సగం మేలుకుంటాడు. మూలుగుతాడు, కాళ్ళు ముడుస్తాడు, ఒక్కోసారి కళ్ళు కూడా తెరుస్తాడు. పడుకునేటప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటే మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. కానీ ఊగుతూ ఊగుతూ నిద్రపోయినవాడు లేచేసరికి ఉయ్యాల కదలకపోతే? ఏదో తేడా వచ్చిందని నిన్ను పిలుస్తాడు. నువ్వు ఊపుతావు, పడుకుంటాడు. ఇంకో గంటకు మళ్ళీ. మొండితనం కాదది.

అట్లని చీర ఉయ్యాల రేపే విప్పేయమనను. పగలు ఒక కునుకు అందులో వేయనీ, ఎవరో ఒకరు ఎదురుగా ఉండి చూస్తున్నంతసేపు. చీర ఉయ్యాలలో ఒళ్ళు వంగి గడ్డం రొమ్ముకు ఆనుకుంటే ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. మొహం మీదికి గుడ్డ పడుతుంది. అందుకే ఎవరూ లేనప్పుడు, అందరూ నిద్రపోయే రాత్రివేళ అది వద్దు. ఒత్తిగిలడం మొదలుపెట్టాక పగలు కూడా వద్దు. రాత్రి కోసం ఇలా చెయ్యి. మొదటి మూడు నాలుగు రోజులు వాడు కుదుటపడేదాకా మాత్రమే ఊపి, కళ్ళు మూతలు పడుతుండగా ఉయ్యాల ఆపి, చేత్తో జోకొట్టు. తర్వాత నాలుగు రోజులు ఒళ్ళో పెట్టుకుని జోకొట్టు. ఆ తర్వాత పక్క మీదే, మత్తుగా ఉన్నప్పుడు, పూర్తిగా నిద్రపోకముందే పడుకోబెట్టి జోకొట్టు. ఇది మూడుసార్లలో ఒకసారి పనిచేస్తే గొప్ప. మిగతా రెండుసార్లు ఎత్తుకో, ఊపు, ఏదైనా చెయ్యి, పాడైపోయిందేమీ లేదు. ఏడ్చి ఏడ్చి వాడే పడుకుంటాడు, వదిలేయండి అని ఇంటర్నెట్లో ఎవరైనా రాస్తే ఈ వయసుకు పట్టించుకోకు. మూడు నెలలైనా నిండని బిడ్డ అవసరం లేకుండా ఏడవడు.

మూలిగాడు కదా అని వెంటనే ఎత్తుకోకు, ఒక్క నిమిషం ఆగి చూడు. చిన్నపిల్లల నిద్రలో సగం పైపై నిద్రే, చప్పుడు చేస్తూనే పడుకుంటారు. ఉద్యోగంలో ఎంతమంది తల్లులకు చెప్పానో ఈ మాట! నా పెద్దకొడుకు విషయంలో మాత్రం నేనే ప్రతి మూలుగుకూ లేచి ఎత్తుకున్నాను. వాడు లేవడం లేదు, నేనే లేపుతున్నాను అని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

రాత్రి పాలకు లేవడం మామూలే. రెండు మూడుసార్లు లేస్తాడు, కొందరు నాలుగుసార్లు. చనుబాలు రెండు గంటల్లోపే అరిగిపోతాయి, కడుపు చిన్నది. రాత్రంతా పడుకున్నాడు అని డాక్టర్లు రాసేది చాలాసార్లు అర్ధరాత్రి నుంచి ఐదింటిదాకా అనే అర్థంలోనే. పక్కింటి బిడ్డ పదింటికి పడుకుని ఏడింటికి లేస్తాడని ఎవరో చెబితే నవ్వి ఊరుకో. లేచినప్పుడు జీరో బల్బు వెలుతురులోనే పాలివ్వు, కబుర్లు చెప్పకు, దొడ్డికి పోతే తప్ప గుడ్డ మార్చకు. రాత్రి చనుబాలలో నీ మెలటోనిన్ కూడా వాడికి చేరుతుంది, కాబట్టి ఆ పాలు మానిపించాలని చూడకు.

పాలు చాలుతున్నాయా అంటే నీ అనుమానం, మీ అత్త అనుమానం రెండూ తూకం తీరుస్తుంది. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఒంటికి పోస్తున్నాడా? మొదటి మూడు నెలల్లో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల లెక్కన బరువు పెరుగుతున్నాడా? అంగన్‌వాడీలో తూకం వేయించి కార్డు చూడు. పెరుగుతుంటే డబ్బా పాలతో పని లేదు. డబ్బా పాలు పడితే రాత్రంతా పడుకుంటారన్నది గ్యారంటీ లేని మాట. నీళ్ళు కూడా ఆరు నెలలదాకా వద్దు, ఎంత ఎండలైనా సరే, పాలలోనే కావలసినంత నీరుంది. దాహమేస్తే ఇంకోసారి పాలే అడుగుతాడు. నువ్వు మాత్రం చెంబు పక్కన పెట్టుకుని తాగు.

జాజికాయ. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. వార్డులో ఒక చంటిబిడ్డను చూశాను, ఏ ఊరో చెప్పను. రెండు రోజులుగా బాగా పడుకుంటున్నాడని ఇంట్లో సంతోషపడ్డారు. మూడో రోజుకు పాలు పీల్చే ఓపిక కూడా లేక చేతుల్లో వేలాడిపోతుంటే తెచ్చారు. గట్టిగా అడిగితే సానరాయి మీద అరగదీసి పెట్టిన సంగతి బయటపడింది. ఆ బిడ్డ బతికాడు. కానీ సాన మీద ఎన్ని చుట్లు తిప్పితే ఎంత మందు దిగుతుందో ఎవరు కొలిచారు? చిటికెడు అని మనం అనుకునేది ఐదు కిలోల ఒంటికి విషం కావచ్చు. వస, నల్లమందు, జలుబు సిరప్, గ్రైప్ వాటర్, తేనె, ఏదీ వద్దు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు ఏడాదిలోపు పిల్లల పేగుల్లో పెరిగి నరాలను పడగొట్టే విషం తయారు చేస్తాయి. నోట్లో వేయాల్సింది చనుబాలు, డాక్టర్ రాసిస్తే విటమిన్ డి చుక్కలు, రోజుకు 400 యూనిట్లు. అంతే.

అవ్వతో గొడవ పడకు. "మీ అమ్మను అట్లే సాకినా, ఏమైంది?" అంటుంది. వాదిస్తే నువ్వే ఓడిపోతావు. "అవ్వా, డాక్టర్ వద్దన్నాడు, నీ పాటకైతే వీడు నిమిషంలో కళ్ళు మూస్తాడు, ఆ పని నువ్వే చెయ్యి" అని జోలపాట ఆమెకే అప్పజెప్పు. సాయంత్రం గుడ్డతో తుడిచే పని కూడా. చేయడానికి ఒక పనుంటే పెద్దవాళ్ళు మందు సంగతి మరిచిపోతారు, నేను చూసినంతలో.

ఎక్కడ పడుకోబెట్టాలి అన్నదానికి మన ఊళ్ళో మంచి జవాబే ఉంది. నాపబండల నేల మీద ఈత చాప, దాని మీద మడత పెట్టిన పాత బొంత. గట్టిగా, చదునుగా ఉంటుంది, కింద పడే భయం లేదు. ఆన్‌లైన్లో నువ్వు చూస్తున్న మెత్తటి బేబీ బెడ్ కంటే ఇదే నయం. వెల్లకిలా పడుకోబెట్టు, పగలైనా రాత్రైనా. అమెరికాలో 1992లో పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా వద్దని చెప్పి, 1994 నుంచి దాన్ని దేశమంతా ప్రచారం చేశాక, నిద్రలోనే చనిపోయే శిశువుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. బోర్లా పడుకోబెట్టడం మేలుకుని ఉన్నప్పుడు, నువ్వు ఎదురుగా ఉండగా. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టారన్నావు, తీసేయ్. తల ఒకరోజు అటు, ఒకరోజు ఇటు తిప్పి పడుకోబెడితే గుండ్రంగానే వస్తుంది. దిండ్లు, బొమ్మలు, దుప్పట్లు వాడి పక్కన వద్దు. నులకమంచం మధ్యలో గుంట పడుతుంది, దాని మీద వద్దు.

నీ పక్కలోనే పడుకుంటాడని తెలుసు, మన ఇళ్ళలో వేరే గది ఎక్కడ? బొంత మాత్రం వాడికి వేరేగా, నీకు చెయ్యి చాచే దూరంలో వెయ్యి. అది నిజంగా మంచి పద్ధతి. తాగినవాళ్ళు, బీడీ సిగరెట్ తాగేవాళ్ళు, నిద్రమాత్రలు వేసుకున్నవాళ్ళు ఆ పక్క మీదికి రాకూడదు. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే అర్ధరాత్రి సోఫాలో కూర్చుని పాలిస్తూ నువ్వు కునికిపాట్లు పడటం. కునుకు వచ్చేలా ఉంటే నేల మీదికి దిగి పాలివ్వు.

ఉక్క గురించి. బండల మిద్దె పగలంతా కాగి రాత్రి పదకొండుదాకా వేడి దించుతూనే ఉంటుంది. రాత్రి లేవడానికి అదీ ఒక కారణమే. టోపీ, సాక్సులు, ఉన్ని గుడ్డలు తీసేయండి. చేతులు కాళ్ళు తాకి చూడకండి, అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, చెమట పట్టి ఉంటే ఒక పొర తగ్గించాలి. కూలర్ గాలి నేరుగా మొహానికి తగలకుండా, కిటికీ తెరిచి పెట్టుకోండి. దోమలకు కాయిల్ వద్దు, తెర కట్టండి. పురుగూ పుట్రా సంగతికి కూడా తెరే దిక్కు, అంచులు బొంత కిందికి మడవండి. మిద్దె మీద పడుకోవడం కూడా ఆ తెరతోనే.

ఇప్పుడు ఈ నిద్ర గోలంతా పక్కనపెట్టి ఆస్పత్రికి పరిగెత్తాల్సిన సందర్భాలు. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, పాలు పీల్చడం మానేసినా, ఎంత లేపినా లేవకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీసుకుంటున్నా, ఒంటికి పోయడం బాగా తగ్గిపోయినా తెల్లారేదాకా ఆగకు, 108కి ఫోన్ చెయ్యి. 14 వారాల టీకా రాబోతోంది కదా, ఆ రాత్రి, మర్నాడు కాస్త జ్వరం, చిరాకు ఉండొచ్చు. నర్సమ్మ చెప్పిన మోతాదులోనే పారాసిటమాల్ చుక్కలు వెయ్యి. మర్నాటికీ తగ్గకపోతే చూపించు. ఆ రెండు రాత్రులూ నీ వరస చెడిపోతుంది, మూడో రోజు మళ్ళీ అందుకో.

నీ సంగతి ఒక్క మాట కూడా రాయలేదు, "ఏడుపు వస్తోంది" అని చివర్లో తప్ప. తొమ్మిదింటి పాలు కాగానే నువ్వు పడుకో. వాడు మళ్ళీ ఆకలికి లేచేదాకా ఎత్తుకునే పని మీ అమ్మది. బిడ్డ పడుకున్నా నీకు నిద్ర పట్టకపోవడం, రోజంతా దిగులు, వాడంటేనే విసుగు, ఇవి రెండు వారాలు దాటి ఉంటే బాలింతలకు వచ్చే డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది. డాక్టర్‌కు చెప్పు. మనసు బాగోలేనప్పుడు సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టనక్కర్లేదు.

బెంగళూరు. పది పన్నెండు రోజులు ఇదంతా చేస్తే అర్ధరాత్రి మేలుకోవడం పూర్తిగా పోకపోయినా ముందుకు జరుగుతుంది. నాలుగో నెలలో మళ్ళీ చెడుతుంది, ముందే చెప్తున్నాను. అప్పటికి వాడి నిద్ర పెద్దవాళ్ళ నిద్రలా గట్టి నిద్రగా, పైపై నిద్రగా విడిపోతుంది, మేలుకోవడాలు పెరుగుతాయి. మీరు బెంగళూరు చేరే సమయానికే అది వస్తుంది కాబట్టి నీళ్ళు పడలేదనో దిష్టి తగిలిందనో అనుకుంటారు. అది కాదు. రెండు నుంచి ఆరు వారాల్లో సర్దుకుంటుంది. ఇక్కడి వరసే అక్కడా, అదే వేళకు. మీ ఆయన ఇప్పటినుంచే ఏడింటి వీడియో కాల్‌లో అవ్వ పాట నేర్చుకోవాలి, లేకపోతే అక్కడ ప్రతి రాత్రీ నువ్వే పాడాలి. వెళ్ళేటప్పుడు ఆ బొంత మాత్రం మరిచిపోకు. బయల్దేరే ముందు వారం రోజులు దాన్ని ఉతకొద్దు, కొత్త ఇంట్లో వాడికి తెలిసిన వాసన అదొక్కటే ఉంటుంది.